మాడు మూసుకునేలోగా

"నీకేం పనుండాదిమే, కూసోని బిడ్డ తలకాయ కొల్సుకో," అంది మా అత్త చెంగమ్మ, నేను టేపు చేతిలోకి తీసుకోగానే.

సోమవారం పొద్దున తొమ్మిదిన్నర. అప్పటికి వీధి కొళాయి దగ్గర పదకొండు బిందెలు పట్టి మోశాను. సంగటి కెలికాను. మా ఆయనకు క్యారియరు కట్టి మండలాఫీసుకు పంపాను. అత్త మోకాళ్లకు ఆముదం మర్దన చేసి వేణ్ణీళ్లు పోశాను. పాపకు స్నానం చేయించి, సాంబ్రాణి పొగ పట్టి, ఒళ్లో పడుకోబెట్టుకున్నాను. ఇవేవీ పనులు కావు కాబట్టి ఆమె లెక్క ప్రకారం నేనింకా ఆ రోజుకు ఏ పనీ మొదలుపెట్టలేదు.

ఆ టేపు బెంగుళూరు ఆసుపత్రిలో డాక్టరమ్మ ఇచ్చింది. దర్జీ టేపు సాగుతుంది, ఇది సాగదు అని చెప్పింది. కనుబొమల మీదుగా, చెవులకు పైగా, తల వెనక ఎత్తుగా ఉన్న చోటు మీదుగా చుట్టాలి. మూడుసార్లు కొలిచి, ఎక్కువ వచ్చిన కొలతను అట్ట కార్డు మీద చుక్కగా పెట్టాలి. కార్డు మీద రెండు వంపు గీతలు అచ్చువేసి ఉంటాయి. పాప చుక్కలు ఆ రెండింటి మధ్యే నడవాలి. చుక్క ఉన్నట్టుండి పైకి ఎగిరితే, వాళ్లు రమ్మన్న తేదీ దాకా ఆగకుండా బిడ్డను తీసుకెళ్లాలి. నాకు పెళ్లయిన నాలుగేళ్లలో "నువ్వు బాగా చేస్తున్నావమ్మా" అని ఒకరు మెచ్చుకున్న పని ఇదొక్కటే.

ఆ సోమవారం టేపు ముప్పైయారున్నర చూపించింది. ముందు వారం ముప్పైనాలుగున్నర. మళ్లీ చుట్టాను. మళ్లీ ముప్పైయారున్నర. మూడోసారీ అదే. వారానికి అర సెంటీమీటరు, మహా అయితే ఒకటి పెరగాల్సిన తల రెండు సెంటీమీటర్లు పెరిగింది.

అది 1988 ఫిబ్రవరి. నాకు ఇరవై నాలుగేళ్లు. పేరు ఆదిలక్ష్మమ్మ. పుంగనూరులో పదో తరగతి పాసయ్యాను. మా ఆయన మునికృష్ణకు కుప్పంలో గుమాస్తా ఉద్యోగం. వాళ్ల సొంత ఊరు చౌడేపల్లె పక్కన పల్లె. పంట ఇంటికి చేరాక అత్త మా దగ్గరికొచ్చి ఉంటోంది. అక్కడ శనక్కాయ పంట, రెండు పాడావులు, మాట మీద నిలబడే మనుషులమన్న పేరు ఉన్నాయి.

పాప నవంబరులో పుట్టవలసిన పిల్ల కాదు. జనవరి చివర పుట్టాలి. నవంబరులో శనక్కాయ పెరుకుతారు కాబట్టి నన్ను కుప్పం నుంచి పల్లెకు పంపించారు. "మాయమ్మ ఒక్కతే అయిపోతాండాది. పదైదు దినాలు పొయ్యిరా. ఏడో నెలే గదా," అన్నాడు మా ఆయన. ముప్పై మంది కూలీలకు రెండు పూటలా వంట. బావి నుంచి నీళ్లు తోడి పొయ్యి దాకా మోయడం. ఐదో రోజు మధ్యాహ్నం అంబలి కుండ దించుతుంటే కాళ్ల మీదుగా వెచ్చగా నీళ్లు జారాయి. కుండలోంచి ఒలికాయనుకున్నాను.

జీపులో మదనపల్లె తీసుకుపోయారు. "ఆ రోజు ఏం పని చేస్తున్నావమ్మా?" అని అక్కడి డాక్టరు అడిగితే, నేను నోరు తెరిచేలోపే మా అత్త చెప్పింది: "ఏం పనీ ల్యా. ఇంటికాడ కూసోనుండె." డాక్టరు అదే రాసుకున్నాడు. నేనూ కాదనలేదు. కాదంటే ఇంటి గుట్టు బయటపెట్టినట్టు అవుతుందని అప్పట్లో నాకు గట్టి నమ్మకం.

కిలోం పావు బరువుతో పుట్టింది. తొడలు నా బొటనవేలంత లావున ఉన్నాయి. నలభై ఒక్క రోజులు అద్దాల పెట్టెలో ఉంచారు. గంట గంటకూ పాలు పిండి గిన్నెలో ఇచ్చేదాన్ని. నర్సు సన్న గొట్టంలోంచి ముక్కు ద్వారా పోసేది. మూడో రోజు పాప తెల్లగా పాలిపోయి, ఒక చెయ్యి పదే పదే కొట్టుకుంది. తలలో నెత్తురు చిమ్మి ఉండొచ్చన్నారు. చూడటానికి అక్కడ మిషను లేదు, బిడ్డ కాస్త నిలదొక్కుకున్నాక బెంగుళూరు తీసుకుపొమ్మన్నారు. మా ఆయన ఆదివారాలు వచ్చి అద్దంలోంచి చూసి, "ఇది నిలబడేదేనా?" అని నన్ను అడిగేవాడు. నర్సును అడిగేవాడు కాదు. నేనే ఏదో వస్తువు కొనుక్కొచ్చినట్టు, దాని నాణ్యం నేనే చెప్పాలన్నట్టు.

కుప్పం నుంచి ప్యాసింజరు రైలెక్కి బెంగుళూరు పోయాం, మొదటిసారి ఇద్దరమూ. డాక్టరమ్మది కోలారు వైపు. తెలుగు బాగా వచ్చు. పాప నెత్తి మీద మెత్తగా కొట్టుకునే మాడు మీద చల్లటి జిగురు రాసి, సబ్బుబిళ్లంత పరికరాన్ని ఆనించింది. పక్కన చిన్న టీవీ లాంటి దాని మీద బూడిద రంగు బొమ్మ కదిలింది. "ఎముకలింకా కూడుకోలేదు కదా. ఈ సందులోంచే మనం లోపలికి చూడగలం. నొప్పి ఉండదు," అంది. నెత్తురు చిమ్మిన గుర్తు చూపించింది. మెదడు మధ్యలో నీళ్లుండే రెండు గదులు ఉంటాయట. అందరికీ ఉండేవే. నెత్తురు గడ్డ అడ్డం పడి నీళ్లు పోయే దారి మూసుకుపోతే ఆ గదులు ఉబ్బి చుట్టూ ఉన్న మెదడును నొక్కేస్తాయి. అందుకే రెండు వారాలకొకసారి ఇక్కడ చూడాలి, వారం వారం ఇంట్లో కొలవాలి. మా ఆయన ఇదంతా వినలేదు. సిగరెట్టు తాగొస్తానని బయటికి పోయాడు. "నాకు లీవు ల్యా. దోవ తెల్సింది గదా నీకు," అన్నాడు రైల్లో. తర్వాత నేనొక్కదాన్నే పోయాను.

రెండోసారి పోయినప్పుడు డాక్టరమ్మ బొమ్మ మీద వేలు పెట్టి, "ఇదిగో, పోయినసారి ఇక్కడ నున్నగా ఉండె. ఇప్పుడు మడతలు పడుతున్నాయి. బిడ్డ మెదడు పెరుగుతోంది," అంది. నేను ఆ మడతలనే చూస్తూ ఉండిపోయాను. నా కడుపులో, నాకే తెలియకుండా జరగవలసిన పని అది. ఏ తల్లీ చూడనిది నేను చూశాను. రైల్లో తిరిగి వస్తూ ఎవరికైనా చెప్పాలనిపించింది. ఇంటికొచ్చి చెబితే మా ఆయన, "సరే, అన్నం బెట్టు," అన్నాడు. పక్కింటి పాపక్కకు చెప్పాను. ఆమె బాలవాడిలో పిల్లలకు వంట చేస్తుంది, చదువు లేదు. పొయ్యి ముందు నుంచి లేచి వచ్చి పాప నెత్తి నిమిరి, "లోపల మడతలు పడతాయామ్మా? నువ్వు సూసినావా?" అని మూడుసార్లు అడిగింది.

ముప్పైయారున్నర వచ్చిన సాయంత్రం మా ఆయన చొక్కా విప్పకముందే చెప్పాను. రేపే బెంగుళూరు పోవాలన్నాను.

"వొచ్చే బుధవారం తొట్లలో ఏసేది పెట్టుకోనుండాం. ఊరంతా చెప్పినాం. శుక్రవారం పల్లెకు పోవాల. ఇప్పుడు నువ్వు బెంగుళూరంటే యెట్ల?" అన్నాడు. మూడు నెలలు దాటి బిడ్డ దక్కిందని నమ్మకం కుదిరాకే ఆ వేడుక పెట్టుకున్నారు.

"తల రెండు సెంటీమీటర్లు పెరిగింది."

"టేపు సరిగ్గా పట్నావో లేదో. నువ్వేమన్నా డాక్టరువా?"

మా అత్త నవ్వింది. "తలకాయ పెరిగితే మంచిదే గదప్పా. మీ నాయన తల గూడా ఇంతే లావు. తెలివిగల్ల బిడ్డయితాది. ఈమెకు బెంగుళూరు రుసి తగిలిండాది."

ఆ మాటకు నేను ఆగిపోయాను. రైలు కిటికీ పక్కన కూర్చుని, ఒక పగలంతా ఎవరికీ వండకుండా, నన్ను పేరు పెట్టి పిలిచే ఒక మనిషి దగ్గరికి పోవడం నాకు నిజంగానే బాగుండేది. ఆ సంగతి ఆమె కనిపెట్టేసిందని సిగ్గుపడ్డాను. నేను రేపు పోతే అది సరదా కోసమే అవుతుందేమో, టేపు నిజంగానే పక్కకు జరిగిందేమో అని నన్ను నేనే అనుమానించుకున్నాను. ఎవరూ నా చేతులు కట్టేయలేదు. తలుపుకు తాళం వేయలేదు. ఒక్క మాట అన్నారు, నేను ఉండిపోయాను. శుక్రవారం వాళ్లతో పాటు బస్సెక్కి పల్లెకు పోయాను.

పల్లెలో శనివారం నుంచి దిగిన బంధువులకు వంట, గోడలకు సున్నం, పిండి దంచడం. పాపను మంచం మీద పడుకోబెట్టి ఎవరో ఒకరు చూసేవాళ్లు. నేను మధ్య మధ్యలో చేతులు తుడుచుకుంటూ పోయి తల కొలిచేదాన్ని. ముప్పైయేడు. ముప్పైయేడున్నర. కార్డు మీద చుక్క పైగీతను దాటిపోయింది. మంగళవారం నుంచి పాలు తాగి కక్కుతోంది. అరుగలేదులే అన్నారు. ఏడవడం తగ్గింది. నెమ్మదస్తురాలు అన్నారు.

బుధవారం తొట్లలో వేసి వనజ అని పేరు పెట్టారు. వచ్చిన ఆడవాళ్లంతా తల చూసి మురిసిపోయారు. "ఏడు నెల్లకు పుట్టిన బిడ్డంటే ఎవురు నమ్ముతారు? తలకాయ సూడు, గుమ్మడికాయ మాదిరి," అంది ఒకామె. నేను వంగి చూశాను. పాప కళ్లు కిందికి దిగిపోయి, నల్లగుడ్డు పైన తెల్లగుడ్డు కనిపిస్తోంది. చిటికె వేశాను. చూపు పైకి రాలేదు. నెత్తి మీద చెయ్యి పెట్టాను. మెత్తగా, లోపలికి దిగినట్టుండే మాడు ఉబ్బి బిగుసుకుని ఉంది.

అప్పుడే మొదటి పంక్తి లేచింది. రెండో పంక్తికి ఆకులు వేస్తున్నారు. ఓళిగలు వడ్డించవలసింది నేను. నేను గొంతు పెంచలేదు, ఏడవలేదు. చేతిలోని పళ్లెం అరుగు మీద పెట్టి, పాపను తీసుకుని, కార్డూ రెండు గుడ్డలూ సంచిలో వేసుకుని బయటికి నడిచాను.

మా ఆయన వెనకాలే వచ్చాడు. "జనం ఆకుల ముందర కూసోనుండారు. యాడికి పోతాండావు? పరువు తీస్తావా?"

"పాప కళ్లు చూడండి."

చూశాడు. ఒక్క క్షణం అతని ముఖం కూడా మారింది. అది నేను ఇప్పటికీ మరిచిపోలేదు. అతనికి కనిపించింది. కానీ ఇంట్లోంచి వాళ్లమ్మ పిలిచింది. "రేప్పొద్దన్నే నేనే పిల్చకపోతాలే. ఈ ఒక్క దినం," అన్నాడు.

నేను చౌడేపల్లె రోడ్డు దాకా నడిచాను. పట్టుచీర పమిటతో పాప తలకు ఎండ తగలకుండా కప్పాను. చౌడేపల్లె నుంచి పుంగనూరు, పుంగనూరు నుంచి ముళబాగిలు మీదుగా బెంగుళూరు. బస్సులో పక్కనున్న ముసలామె, "పెండ్లికి పోతాండావా తల్లీ?" అని అడిగింది.

మరుసటి రోజు పొద్దున డాక్టరమ్మ స్కానింగు చేసింది. ఆమె ఏమీ చెప్పకముందే నాకు తెలిసిపోయింది. ఆ బొమ్మ చదవడం నాకప్పటికి కాస్త వచ్చింది. మునుపు చింతగింజంత ఉండే ఆ రెండు నీటి గదుల నల్లమచ్చలు కలిసి తలంతా నిండిపోయాయి. నేను లెక్కపెట్టుకుని మురిసిపోయిన మడతలు అంచుకు అణగి సన్నటి పట్టీలా ఉన్నాయి. ఆమె కార్డు అడిగి తీసుకుంది. చుక్కల పక్కన నేను రాసిన తేదీలు చూసింది.

"సోమవారమే నీకు తెలుసు," అంది. అడగలేదు, చెప్పింది.

"అప్పుడే వచ్చి ఉంటే?"

ఆమె పాప నెత్తి మీది జిగురు దూదితో తుడిచింది. "ఇప్పుడొచ్చావు కదమ్మా. ఇప్పుడు చేయాల్సింది చూద్దాం," అంది. ఆమె మంచి మనిషి. అందుకే అబద్ధం చెప్పలేదు.

తలలోంచి కడుపులోకి చర్మం కింద సన్నటి గొట్టం వేస్తారట. ఎక్కువైన నీళ్లు అందులోంచి దిగిపోతాయి. బల్ల దగ్గర గుమాస్తా కాగితం తీసి, "తండ్రి సంతకం కావాలి. మీ యజమానుణ్ణి కరీరి," అన్నాడు కన్నడం కలిపి, మా ఆయన్ని పిలవమని. ఊళ్లో ఉన్నాడన్నాను. ఎప్పుడొస్తాడన్నాడు. ఏమో అన్నాను. "ఆపరేషన్‌లో ఏమైనా అయితే రేపు ఆయన వచ్చి మమ్మల్ని కేళితే, అడిగితే?" అన్నాడు. అతన్ని అనడానికి లేదు. అతని ముందు రోజూ తండ్రులే సంతకాలు పెడతారు. తల్లులు పక్కన బిడ్డను పట్టుకుని నిలబడతారు.

డాక్టరమ్మ వచ్చి తల్లి పెట్టినా చెల్లుతుందని అతనికి చెప్పి, నా వైపు తిరిగింది. "రేపటిదాకా ఆగుతావా, ఆయన కోసం?"

తొమ్మిది రోజులు ఆగాను. ఇంక ఆగడానికి నా దగ్గర ఏమీ లేదు. 'తండ్రి' అని అచ్చువేసిన మాట మీద అడ్డంగా గీత గీసి, కింద 'తల్లి' అని రాసి, నా పూర్తి పేరు సంతకం చేశాను. పదో తరగతి సర్టిఫికెట్టు, పెళ్లి పత్రిక తప్ప ఇంకే కాగితం మీదా ఆ పేరు అంత స్పష్టంగా నేనెప్పుడూ చూసుకోలేదు.  పాపను లోపలికి తీసుకుపోయారు.

మూడో రోజు మా ఆయన, అత్త వచ్చారు. పాప తలకు కట్టు ఉంది. చెవి వెనకనుంచి మెడ దాకా గొట్టం పోయిన గీత ఉబ్బుగా కనిపిస్తోంది. అత్త కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిజంగానే ఏడ్చింది. మా ఆయన చాలాసేపు బిడ్డనే చూశాడు. తర్వాత బయటికి పిలిచి అడిగాడు. "నేనొగన్ని ఉండానని యెవురికీ గుర్తు ల్యా? నా బిడ్డకు కత్తి పెట్టేదానికి నీ సంతకమా?"

అతను అడిగిన మొదటి మాట అదే. బిడ్డ బతుకుతుందా అని తర్వాత అడిగాడు.

వనజ బతికింది. గదులు మెల్లగా చిన్నవయ్యాయి. మడతలు మళ్లీ తేరుకున్నాయి, కానీ ఎడమ పక్కన కొంత మేర నల్లగానే ఉండిపోయింది. ఏడాది నిండినా కూర్చోలేదు. కుడి చెయ్యి పిడికిలి విప్పదు. కుడి కాలు కత్తెరలా ఎడమ కాలికి అడ్డం పడుతుంది. రోజుకు నాలుగుసార్లు ఆ చేతికీ కాలికీ కసరత్తు చేయించాలి, పిల్ల కేకలు వేసినా ఆపకూడదు. అవి ఆ తొమ్మిది రోజుల వల్లనా, పుట్టిన మూడో రోజు చిమ్మిన నెత్తురు వల్లనా, బావి నీళ్ల వల్లనా, ఎవరూ చెప్పలేరు. డాక్టరమ్మను రెండోసారి నేను అడగలేదు. ఆ తొమ్మిది రోజుల్లో వాళ్ల వాటా ఎంతో నాకు తెలుసు. నా వాటా కూడా తెలుసు. కసరత్తు చేయించేటప్పుడు పిల్ల ఏడుపు వింటూ ఆ వాటాను రోజూ కాస్త మోస్తున్నాను.

1989 మే నెలలో పోయినప్పుడు డాక్టరమ్మ మాడు మీద వేలుతో నొక్కి చూసి పరికరం పక్కన పెట్టేసింది. "ఎముక కూడుకుంది. ఇంక ఇందులోంచి చూడలేం. గొట్టం మూసుకుపోతే వాంతులు, మగత, చూపు దిగిపోవడం, నీకు తెలుసు. ఏదొచ్చినా వెంటనే రావాలి. నెలకొకసారి కసరత్తు నేర్పేవాళ్ల దగ్గరికి తప్పకుండా రావాలి. ఇక మీదట నీ కళ్లే," అంది.

ఇంటికొచ్చేసరికి పల్లె నుంచి మా అత్త వచ్చి ఉంది. మా ఆయనకు మదనపల్లెకు బదిలీ అయిందట. అయిందట కాదు, మూడు నెలల కిందటే అతనే అర్జీ పెట్టుకున్నాడు. నాకు ఆ రోజు తెలిసింది. మిగతాది అత్త చెప్పింది, పాపకు గంజి తాగిస్తున్న నా ఎదురుగా కూర్చుని, మెత్తగా.

"బిడ్డను నా కాడ ఇడిసిపెట్టు. ఇంత ముద్ద పెడతా, పడుంటాది. నీకూ వయసు పోలే. ఇంగొగ కాన్పు కానీ. మంచి బిడ్డ పుడితే ఇదంతా మర్సిపోతావు."

ఆమె చెడ్డ మాట అన్నాననుకోలేదు. నాకు మేలు చేస్తున్నాననుకుంది. పాప గంజి మింగుతూ ఆమె వైపు చూసి నవ్వింది, ఒక పక్కకే. ఆ పల్లెలో మంచం మీద పడి ఉండే వనజను ఊహించుకున్నాను. వాంతి చేసుకుంటే అరుగలేదంటారు. మగతగా పడుకుంటే నెమ్మదస్తురాలంటారు.

మరునాడు పాపక్క దగ్గరికి పోయాను. రామకుప్పం దోవలో ఒక పల్లె బాలవాడికి టీచరు కావాలని ఆమె అంతకుముందే రెండుసార్లు చెప్పింది. పదో తరగతి చాలు. "పొద్దన పొయ్యి మద్యాన్నానికి వొచ్చేస్తావు. బిడ్డను ఎత్తకపోవచ్చు. ఆడ అందురూ బిడ్డలే గదా," అంది. అర్జీ రాశాను. ఎక్కడా ఎవరి సంతకమూ అడగలేదు. పదిహేను రోజులకు రమ్మని కబురొచ్చింది. ఆ పల్లెకు బస్సు పొద్దున ఏడింటికి. ఇంట్లో చెప్పలేదు. చెబితే మళ్లీ ఒక మాట అంటారు, నేను మళ్లీ ఆగిపోతాను. నా సంగతి నాకు తెలుసు.

బదిలీ ముందు రోజు పొద్దున కూర్చుని ట్రంకు పెట్టె సర్దాను. మా ఆయన చొక్కాలు ఇస్త్రీ మడతతో అడుగున, పంచెలు, తువ్వాళ్లు, గడ్డం గీసుకునే సామాను, కారప్పొడి డబ్బా. సాయంత్రం ఆఫీసులో దండ వేయించుకుని వచ్చాడు. పెట్టె మూత ఎత్తి చూసి, అడుగుదాకా చెయ్యి పెట్టి వెతికాడు.

"నీ చీరలేవి? బిడ్డ బట్టలేవి?"

"బీరువాలో ఉన్నాయి."

అతనికి అర్థం కావడానికి కాసేపు పట్టింది. అరవలేదు. గొంతు తగ్గించి, బిడ్డకు చెప్పినట్టు చెప్పాడు: "ఈ బిడ్డను పెట్టుకోని నువ్వొక్కదానివే ఈడ యెట్ల ఉంటావు?"

ఇంతవరకూ ఎట్లా ఉన్నానో అతన్ని అడగాలనిపించింది. పెట్టె మూత వేసి, గొళ్లెం పెట్టి, తాళంచెవి అతని చేతిలో పెట్టాను.

"పొద్దున ఆరున్నరకు మీకు బస్సు," అన్నాను. "మాకు ఏడుకు."